ఏమీ నేర్పని శిబిరం కావలెను

మా మల్లెపర్రు మునిసిపల్ హైస్కూలు బ్యాండుకి సగం పాటే వచ్చు. ఇది నేను వేస్తున్న నింద కాదు, మా బడి చరిత్ర. పాతకాలంలో మాకు అప్పలస్వామి గారని బ్యాండు మాస్టారు ఉండేవారు. ఆయన పిల్లలకి కవాతు బాణీ మొదటి సగం నేర్పించి, రెండో సగం సోమవారం మొదలెడదాం అని శనివారం ఇంటికెళ్లారు. ఆ శనివారంతోనే ఆయన ఉద్యోగం అయిపోయిందని ఆఫీసులో పుట్టినతేదీలు చూసే గుమాస్తాకి తప్ప ఎవరికీ తెలీదు, ఆయనక్కూడా. ఆ తర్వాత ఆ పోస్టులో ఇంకెవర్నీ వెయ్యలేదు. పెద్ద క్లాసు వాళ్లు చిన్న క్లాసు వాళ్లకి ఆ సగాన్నే అప్పగిస్తూ వస్తున్నారు.

అప్పలస్వామి గారు బాణీని ముందు నోటితో పాడి నేర్పేవారు. ఆయనకి కిళ్లీ అలవాటు. మూడో వరస దగ్గరికి వచ్చేసరికి కిళ్లీని కుడిబుగ్గలోంచి ఎడమబుగ్గలోకి మార్చుకోవడానికి ఓ క్షణం ఆగేవారు. మా పిల్లలు గురుభక్తి కలవాళ్లు కాబట్టి ఆ ఆగడం కూడా నేర్చుకున్నారు. పంద్రాగస్టు నాడు బ్యాండు ఆ చోట ఆగుతుంది, కవాతు చేస్తున్న బడి మొత్తం కాలు గాలిలో పెట్టి ఆగుతుంది, మళ్లీ బ్యాండు ఎత్తుకోగానే కాలు దించుతుంది. సగం పాట అయిపోగానే మళ్లీ మొదటికొస్తారు. జెండా దగ్గరికి చేరేదాకా అలా మొదటికొస్తూనే ఉంటారు. ఒకసారి కొత్తగా వచ్చిన కమిషనరు గారు ఆ ఒంటికాలి నడక మా ఊరి సంప్రదాయం అనుకుని లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

నేను డ్రాయింగు మాస్టారిని. నా పేరు సూరపరాజు. వాయిద్యాలున్న బీరువా డ్రాయింగు గదిలో ఉంది కాబట్టి బ్యాండు ఇంచార్జిని కూడా నేనే. సరిగమల్లో స ఏదో రి ఏదో నాకు తెలీదు. తాళంచెవి మాత్రం ఏ రోజూ పోగొట్టలేదు.

ట్రంపెట్ వాయించే పిల్ల పేరు సువార్త. వాళ్ల నాన్న చేపల మార్కెట్లో కాటా దగ్గర పనిచేస్తాడు. బక్కపల్చగా ఉంటుంది గాని, ఊదిందంటే మా గది కిటికీ రెక్కలు కొట్టుకుంటాయి. ఏడో తరగతిలో బ్యాండులో చేరిన దగ్గర్నించీ ఆ పిల్ల నన్ను ఒకటే అడిగేది.

"మేష్టారండీ, ఈ పాట చివరికి ఏమవుద్దండీ?"

తెలీదనే చెప్పేవాణ్ణి. తెలిసినవాళ్లు మా ఊళ్లో ఎవరూ లేరు. ఆ పిల్ల తొమ్మిది పూర్తిచేసి పదిలోకి వస్తోంది. మా బళ్లో పదో తరగతి వాళ్లు బ్యాండు ముట్టుకోకూడదు, ముట్టుకుంటే మార్కులు పోతాయని నమ్మకం. అంటే ఆ పాట చివర తెలుసుకోవడానికి దానికి మిగిలింది ఈ ఒక్క వేసవే.

సరిగ్గా ఆ వేసవికి ముందే జిల్లా ఉత్సవాల విభాగం నుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. ఏళ్ల తరబడి ఒకే చోట ఆగిపోయిన బడి బ్యాండ్ల వాయిద్యాలను హేతుబద్ధీకరిస్తామన్నారు. హేతుబద్ధీకరించడం అంటే మా భాషలో పట్టుకుపోవడం. అందుకని బ్యాండు పిల్లలందరూ సెలవుల్లో ఏదో ఒక సంగీత శిబిరానికి వెళ్లి మెరుగుపడి రావాలి. బడి తెరిచిన రోజున పరీక్ష. పదిలోకి వచ్చిన పిల్లలకి కూడా ఆ ఒక్క రోజు మినహాయింపు ఇచ్చారు. నాకు చాలా సంతోషమైంది. సువార్తకి చెప్పగానే ఆ పిల్ల ట్రంపెట్ తీసి చింతపండుతో తోమడం మొదలెట్టింది.

ఆ సంతోషం ఉగాది పచ్చడి తిన్నంత సేపే ఉంది. ఆ వెనకే రెండో ఉత్తర్వు దిగింది. ఎండాకాలం కూడా కొన్ని బళ్లు పిల్లల్ని కూర్చోబెట్టి రుద్దుతున్నాయని, దీన్ని అరికట్టాలని వేసవి విశ్రాంతి పరిరక్షణ విభాగం అని కొత్తది ఒకటి పెట్టారు. ఉద్దేశం మంచిదే, నేను కాదనను. ఆ విభాగం వారు సెలవుల్లో ఏ విద్యార్థికీ, ఎవరూ, ఎక్కడా, ఏ విషయమూ నేర్పరాదని ఆదేశించారు. నేర్పినట్టు తేలితే సంబంధిత ఉపాధ్యాయుణ్ణి సస్పెండు చేస్తారు. అడకత్తెరలో పోకచెక్క అనే మాట చిన్నప్పట్నించీ వింటున్నాను గాని, పోకచెక్కకి ఎలా ఉంటుందో ఆ రోజే తెలిసింది.

మా హెడ్మిస్ట్రెస్ కనకవల్లి గారు ధైర్యవంతురాలు. నన్ను వెంటబెట్టుకుని విశ్రాంతి పరిరక్షణాధికారి దక్షిణామూర్తి గారి దగ్గరికి వెళ్లారు. ఆయన గదిలో తలుపు మీద 'నిశ్శబ్దం' అని, లోపల గోడ మీద 'విశ్రాంతి విద్యార్థి జన్మహక్కు' అని ఉన్నాయి. కనకవల్లి గారు సంగతంతా విడమరిచి, పిల్లల్ని సంగీత శిబిరానికి పంపించాలా వద్దా అని అడిగారు.

"శిబిరానికి మా విభాగానికి ఎట్టి అభ్యంతరమూ లేదమ్మా" అన్నారాయన. "సదరు శిబిరంలో బోధన మాత్రం జరగరాదు. శిబిరమన్నది స్థలం. బోధన అన్నది ఉల్లంఘన. మీరు రెంటినీ కలిపేసి అనవసరంగా ఆందోళన పడుతున్నారు."

నేర్పకపోతే పిల్లలు మెరుగుపడటం ఎలాగండీ అని నేను అడిగాను. అభివృద్ధికి తమ విభాగం ఎన్నడూ వ్యతిరేకం కాదని, నేర్చుకోకుండా అభివృద్ధి చెందే పక్షంలో తామే ముందుగా హర్షిస్తామని ఆయన సెలవిచ్చారు. అప్పటికప్పుడు శిబిర ఎంపిక సంఘం అని ఒకటి వేశారు. ఆయన అధ్యక్షులు, కనకవల్లి గారు సభ్యురాలు, నేను కన్వీనర్ని. జిల్లాలో ఉన్న సంగీత శిబిరాలన్నీ స్వయంగా తనిఖీ చేసి, ఏమీ నేర్పదని నిర్ధారణ అయిన శిబిరాన్ని ఎంపిక చెయ్యడం సంఘం పని. తనిఖీలో లబ్ధిదారుల ప్రతినిధి ఒకరు తప్పనిసరిగా ఉండాలని నియమం ఉందట. నేను సువార్త పేరు రాశాను.

బయల్దేరే ముందు పిల్లల పూర్వస్థితి నమోదు చెయ్యాలన్నారు. బ్యాండుని వరండాలో నిలబెట్టి ఉన్న సగం పాట వాయించమన్నారు. పిల్లలు కిళ్లీ విరామంతో సహా వాయించారు. దొరబాబు అని యుఫోనియం అనే పెద్ద బాకా వాయించే లావుపాటి కుర్రాడు ఎప్పట్లాగే రెండో వరసలో తప్పు ఊదాడు. ఆఫీసు బంట్రోతు దాన్నంతా ఫోన్లోకి ఎక్కించాడు. సెలవులయ్యాక వచ్చి మళ్లీ వింటామని, ఇదే స్థితి అక్షరాలా ఉండాలని, వీసమెత్తు పెరిగినట్టు వినిపించినా చర్య తప్పదని దక్షిణామూర్తి గారు నా కళ్లలోకి చూసి చెప్పారు.

మొదటి శిబిరం కాలవగట్టు మీద మూతబడ్డ రైసుమిల్లులో ఉంది. పోలీసు బ్యాండులో పనిచేసి వచ్చిన రంగనాయకులు గారనే ఆయన నడుపుతున్నాడు. మా జీపు ఇంకా వంతెన దిగకముందే మా కవాతు బాణీ వినిపించింది, పోలీసులు కూడా అదే వాయిస్తారట. మొదటి సగం అయింది, ఆగలేదు. అలాగే ముందుకి వెళ్లింది. మేము ఎవరం ఎప్పుడూ వినని రెండో సగం ఆ మిల్లు రేకుల కిందనించి కాలవ మీదికి వచ్చేస్తోంది. జీపు పూర్తిగా ఆగకుండానే సువార్త దూకేసింది. నేనూ దూకుదును గాని నాకు మోకాళ్ల నొప్పి.

దక్షిణామూర్తి గారి ముఖం మాడిపోయింది. ఇంత బహిరంగంగా, రోడ్డు మీద పోయేవాళ్లకి వినపడేలా నేర్పుతారా అని ఆయన రంగనాయకుల్ని నిలదీశారు. పాపం ఆ మనిషి మెచ్చుకుంటున్నారనుకుని, పిల్లలకి నాలుగు పూటల్లో వచ్చేసిందండీ అని గర్వంగా చెప్పుకున్నాడు. అది లిఖితపూర్వకంగా ఇమ్మన్నారు, ఇచ్చాడు. తర్వాత అసలు విషయం తెలిసి బిక్కచచ్చిపోయాడు.

"అయితే శిబిరంలో పిల్లల్తో ఏం చేయించమంటారండీ?"

"ఏమీ చేయించవద్దు. దాన్నే విశ్రాంతి అంటారు."

అయినా భోజనం వేళకి వచ్చినవాళ్లని ఒట్టినే పంపడం గోదావరి వాళ్లకి చేతకాదు. బొమ్మిడాయిల పులుసు పెట్టాడు. దక్షిణామూర్తి గారు మారు వడ్డించుకుని, నెమ్మదిగా ముళ్లు తీసుకుంటూ తిన్నారు. ఆయన తింటున్నంతసేపూ లోపల పిల్లలు, వాళ్లకింకా ఆజ్ఞ చేరలేదు కాబట్టి, ఆ బాణీని మళ్లీ మళ్లీ వాయిస్తూనే ఉన్నారు. సువార్త కిటికీ ఊచలు పట్టుకుని నిలబడింది. అన్నానికి రమ్మంటే ఆకలి లేదంది. కుడిచేతి వేళ్లు మూడూ ట్రంపెట్ మీటలు నొక్కుతున్నట్టు ఊచ మీద లేచి పడుతున్నాయి. నేను చూసి, దక్షిణామూర్తి గారికి ఇంకో గరిటె పులుసు వెయ్యమని రంగనాయకులుకి సైగ చేశాను.

రెండో శిబిరం నడిపేవాడు గడుసువాడు. కల్యాణమండపం అద్దెకి తీసుకున్నాడు. మా సంగతి ముందే విని, మాస్టర్లందర్నీ ఇళ్లకి పంపేసి, ఇక్కడ నేర్పేవాళ్లే లేరండీ, పిల్లలూ వాయిద్యాలూ ఒకచోట ఉంటారు అంతే అన్నాడు. దక్షిణామూర్తి గారు సంతృప్తి పడబోతుండగా ఓ మూల క్లారినెట్టు ఊదుకుంటున్న పిల్లాడు కనిపించాడు. శిబిరంలో చేరినప్పుడు నీకిది వచ్చా అని ఆయన వాణ్ణి అడిగారు. రాదండీ అన్నాడు వాడు. ఇప్పుడో అన్నారు. వచ్చండీ అన్నాడు. ఎవరు నేర్పారు అంటే, ఎవరూ లేరండీ, నాకే వచ్చేసిందండీ అన్నాడు.

ఇది మొదటి శిబిరం కంటే ప్రమాదకరం అని తేల్చారు దక్షిణామూర్తి గారు. ఎవరైనా నేర్పితే నేర్పినవాణ్ణి సస్పెండు చెయ్యొచ్చు. పిల్లాడు తనంతట తానే నేర్చుకుంటే ఎవర్ని సస్పెండు చెయ్యాలి అని తిరుగుదారిలో ఆయన చాలాసేపు మథనపడ్డారు. కనకవల్లి గారు వాళ్ల అమ్మానాన్నల్నేమో అన్నారు, నవ్వకుండా. ఆయన అది పుస్తకంలో రాసుకున్నారు.

మూడోది సముద్రం దగ్గర కొబ్బరితోటలో ఉన్న నాదవికాస మహాశిబిరం. గేటు దగ్గరే మా మీద పూలు చల్లారు. డైరెక్టరు నీలవేణి గారు మా ముగ్గురినీ వేదికని అలంకరించమని, జ్యోతి వెలిగించమని, శాలువాలు కప్పుకోమని వరసగా కోరారు. ఎండ మండిపోతోంది, నాకు శాలువాలో చెమటలు పట్టేశాయి. సువార్తకి కూడా చిన్న శాలువా కప్పారు. వాయిద్యాలు ఎక్కడున్నాయని నేను మర్యాదగా అడిగాను.

"వాయిద్యం మనలోనే ఉందండి" అన్నారు నీలవేణి గారు. "బయటి వాయిద్యం మీద ఆధారపడితే లోపలి సంగీతకారుడు ఎదగడు."

పొద్దున్న 'వాద్యం పట్ల సానుకూల దృక్పథం' అని ఒక ప్రసంగం. తర్వాత 'సంగీతకారుల ఆహారపు అలవాట్లు'. మధ్యాహ్నం ఊహావాదనం. అంటే పిల్లలు కళ్లు మూసుకుని, చేతుల్లో వాయిద్యం ఉన్నట్టు ఊహించుకుని, ఒక గంట వాయించాలి. చప్పుడు రాకూడదు. సాయంత్రం అవే సంగతులు రేపు కూడా ఉంటాయని గుర్తుచేస్తారు. ఇక్కడికి వచ్చి ఏదైనా నేర్చుకున్నారని ఇన్నేళ్లలో ఎవరి దగ్గర్నించీ ఫిర్యాదు లేదని నీలవేణి గారు హామీ ఇచ్చారు.

దక్షిణామూర్తి గారు అంత తేలిగ్గా నమ్మే మనిషి కాదు. మూడు వేసవులు ఇక్కడే గడిపిన ఒక కుర్రాణ్ణి పిలిపించి, సువార్త జీపులో వెంట తెచ్చుకున్న ట్రంపెట్ చేతికిచ్చి వాయించమన్నారు. వాడు దాన్ని భక్తిగా కళ్లకద్దుకుని, చంకలో పెట్టుకుని, ట్రంపెట్ మానవాళికి చేస్తున్న సేవ గురించి పది నిమిషాలు అనర్గళంగా మాట్లాడాడు. మాట్లాడటం అయ్యాక వాయించు నాయనా అంటే, అది ఏ వైపు నోట్లో పెట్టుకోవాలో తోచక రెండు వైపులా చూసి సిగ్గుపడ్డాడు. దక్షిణామూర్తి గారికి కళ్లు చెమర్చాయి. ఎంపిక అక్కడే ఏకగ్రీవంగా జరిగిపోయింది. కన్వీనర్ని నేనే గనక సంతకం కూడా నేనే పెట్టాను. ఆ సంతకం పెడుతున్నప్పుడు సువార్త నా వైపు చూసింది. నాకు దాని ముఖంలోకి చూడటం చేతకాలేదు.

పిల్లలు శిబిరానికి వెళ్లిపోయారు. ఇంట్లో నాకు అన్నం సయించలేదు. వాయిద్యాలు పోతాయి, పోనీ, ఆ బీరువాలో నా చార్టులు పెట్టుకోవచ్చు అని మనసుకి నచ్చజెప్పుకుందామని చూశాను, మనసు వినలేదు. ఒక ఆదివారం మామిడి తాండ్ర కట్టించుకుని పిల్లల్ని చూడటానికి వెళ్లాను. నేను వెళ్లేసరికి ఊహావాదనం నడుస్తోంది. పెద్ద పాకలో వరసగా పడుకుని మిగతా బళ్ల పిల్లలు గురక పెడుతున్నారు. మా వాళ్లు మాత్రం ఓ మూల బ్యాండు వరసలో నిలబడి ఉన్నారు.

మీ పిల్లల ఊహాశక్తి అమోఘం అండీ, ఇలాంటి బ్యాచ్ నేను చూడలేదు అని నీలవేణి గారు నా చెవిలో చెప్పారు.

నిజంగానే వాళ్లు ఊహించుకుంటున్నారు. సువార్త పెదాలు బిగించి గాల్లో మూడు వేళ్లు ఆడిస్తోంది. దొరబాబు బుగ్గలు పొంగుతున్నాయి. డ్రమ్ముల వాళ్లు తొడల మీద అరచేతులతో, వినీ వినపడకుండా కొడుతున్నారు. చప్పుడు లేకపోయినా ఏ వరస నడుస్తోందో నాకు తెలుస్తోంది, ఇన్నేళ్లుగా చూస్తున్నాను గదా. మూడో వరస వచ్చింది. ఎవరూ ఆగలేదు. అప్పలస్వామి గారి కిళ్లీ దగ్గర మొట్టమొదటిసారి మా బ్యాండు ఆగకుండా వెళ్లిపోయింది. మొదటి సగం అయిపోయింది. అప్పుడు కూడా ఆగలేదు. వేళ్లు ఇంకా ముందుకి వెళ్తున్నాయి, నాకు తెలియని చోటికి. పాకగుంజ పట్టుకుని నిలబడిపోయాను.

తర్వాత సువార్తని పక్కకి పిలిచి, ఏవమ్మా ఇది, ఎవరు నేర్పారు, నా ఉద్యోగం తీసేస్తారు తెలుసా అని అడిగాను. గొంతు కోపంగా పెట్టాలని చూశాను గాని కుదర్లేదు.

"ఎవరూ నేర్పలేదండీ. రైసుమిల్లు కాడ విన్నది నేను రాత్రిళ్లు కూనిరాగం తీస్తుంటే, అందరం అదే ఊహించుకుంటున్నావండీ. ఊహించుకోమనే గదండీ ఇక్కడ చెప్తున్నారు" అంది.

నేను తాండ్ర ఇచ్చి వచ్చేశాను. పిల్లలు తిరిగొచ్చాక, బీరువాలోని వాయిద్యాలకి బూజు పట్టిందేమో చూడమని వాళ్లని డ్రాయింగు గదికి పిలిచాను. కిటికీలు మూసి, సందుల్లో గుడ్డలు కుక్కి, చెవిలో దూది పెట్టుకుని నేను జిల్లా మ్యాపు గీసుకుంటూ కూర్చున్నాను. వాళ్లేం చేశారో నేను వినలేదు. ఎవరైనా అడిగితే అలాగే ప్రమాణం చేద్దామనుకున్నాను. ఒక్కసారి మాత్రం దొరబాబు వచ్చి నా భుజం తట్టాడు. పాత తప్పు మర్చిపోయాడట. రెండో వరసలో ఎక్కడ తప్పు ఊదేవాడో గుర్తురావట్లేదని ఏడుపు మొహం పెట్టాడు. విశ్రాంతి విభాగం వారు మళ్లీ వినడానికి వచ్చినప్పుడు ఆ తప్పు కావాలి. అందరూ కలిసి ఎలాగో వెతికి పట్టుకున్నారు. సరైనది నేర్చుకోవడం కంటే పాత తప్పుని మళ్లీ నేర్చుకోవడానికే వాళ్లకి ఎక్కువ శ్రమ అయింది.

బడి తెరిచారు. పొద్దున్న విశ్రాంతి పరిరక్షణ విభాగం పరీక్ష, మధ్యాహ్నం ఉత్సవాల విభాగం పరీక్ష. ఇద్దరు అధికారులు వస్తారనుకుంటే దక్షిణామూర్తి గారు ఒక్కరే దిగారు. ఉత్సవాల అధికారికి బదిలీ అయిందట, ఆ అదనపు బాధ్యతలు కూడా ఈయనకే ఇచ్చారట. ఒకే మనిషి పొద్దున్న వీళ్లకి ఏమీ రాలేదని, మధ్యాహ్నం అన్నీ వచ్చాయని తేల్చాలి. అదెలాగండీ అని కనకవల్లి గారు అడిగేశారు.

"పొద్దుటి హోదాలో విన్నది మధ్యాహ్నపు హోదాకి తెలియదమ్మా. తెలిస్తే అది పరిధి అతిక్రమణ అవుతుంది" అన్నారాయన, ఈ మాత్రం తెలీదా అన్నట్టు.

పొద్దుటి పరీక్ష బ్రహ్మాండంగా జరిగింది. ఆయన ఒక చెవిలో ఫోను పెట్టుకుని, రెండో చెవితో పిల్లల్ని విన్నారు. కిళ్లీ విరామం అక్కడే ఉంది. దొరబాబు తప్పు అక్కడే ఉంది. పాట సగంలో అక్కడే తెగింది. వీసమెత్తు కూడా పెరగలేదని, ఇంత స్వచ్ఛమైన విశ్రాంతి తాను ఏ బళ్లోనూ చూడలేదని ఆయన పిల్లల్ని అభినందించారు. పొద్దుటి దస్త్రం మూసేసి తాడు కట్టించారు.

భోజనాల దగ్గర నేను కాస్త తేలికపడి, మధ్యాహ్నం మా పిల్లలు పాట పూర్తిగా వాయిస్తే మంచి మార్కులు పడతాయి గదండీ అన్నాను. ఆయన పప్పుచారు కలుపుకుంటూ ఉత్సవాల విభాగం వారి విధానం వివరించారు. పాట అసలు ముందుకే సాగని బ్యాండు బలహీనం, దాని వాయిద్యాలు తీసేసుకుంటారు. అది నాకు తెలుసు. పాట పూర్తిగా వచ్చిన బ్యాండు సంపూర్ణం. వాయిద్యాలన్నవి ప్రభుత్వం అభివృద్ధి కోసం ఇచ్చినవి. సంపూర్ణంగా అభివృద్ధి చెందినవారికి ఇక వాటి అవసరం ఉండదు కాబట్టి, వాటిని కూడా తీసేసి, వెనకబడినవారికి కేటాయిస్తారు.

మరి వాయిద్యాలు ఎవరి దగ్గర ఉంటాయండీ అని అడిగాను.

"అభివృద్ధి చెందుతూ ఉన్నవారి దగ్గర" అన్నారాయన. మజ్జిగ అడిగారు.

నేను చెయ్యి కడుక్కోకుండానే లేచి సైకిళ్ల షెడ్డు వెనక్కి వెళ్లాను. పిల్లలు అక్కడ పెదాలు తడుపుకుంటూ, కాలర్లు సర్దుకుంటూ ఉన్నారు. ముఖాలు వెలిగిపోతున్నాయి. ఆ వేసవంతా మూసిన నోళ్లతో దాచుకున్న పాట ఇంకాసేపట్లో ఊరంతా వినపడేలా ఊదబోతున్నారు. వాళ్లకి ఈ సంగతి ఎలా చెప్పాలో తెలీక, తోచినట్టే చెప్పేశాను. పూర్తిగా వాయిస్తే పోతాయి, అస్సలు సాగకపోయినా పోతాయి, ముందుకి సాగాలి గాని చివరికి చేరకూడదు అని. దొరబాబు యుఫోనియం కింద పెట్టేశాడు. డ్రమ్ముల వాళ్లలో ఒకడు బూతు మాట అన్నాడు, నేను వినపడనట్టు ఊరుకున్నాను.

సువార్త మాత్రం ట్రంపెట్ కింద పెట్టలేదు. రేపట్నించి ఆ పిల్ల పదో తరగతి. ట్రంపెట్ పట్టుకోవడం ఇదే ఆఖరు. దాని వెనక ఇప్పుడే ఏడో తరగతికి వచ్చిన పిట్టంత పిల్లొకతి, కరుణ అని, పోయినేడంతా దీని ట్రంపెట్ పెట్టె మోసింది, ఆ పక్కనే నిలబడి వింటోంది.

"ఎందాకా వాయించమంటారండీ?" అంది సువార్త.

నాకు సంగీతం రాదు, ఎక్కడ ఆగాలో నువ్వే చూడమ్మా అన్నాను. అంత చేతకాని మాట నా సర్వీసులో ఇంకోటి అనలేదు.

మధ్యాహ్నం దక్షిణామూర్తి గారు కోటుకి ఉన్న బిళ్ల తీసి ఇంకో బిళ్ల పెట్టుకుని, పిల్లల్ని మొదటిసారి చూస్తున్నట్టు పలకరించి, మీ బడి పేరేమిటి అని కనకవల్లి గారిని అడిగారు. బ్యాండు మొదలైంది. కవాతు చేస్తున్న పిల్లలు అలవాటుకొద్దీ మూడో వరస దగ్గర కాలెత్తి ఆగారు. బ్యాండు ఆగలేదు. ఒకరి మీద ఒకరు పడబోయి, సర్దుకుని, పరుగులాంటి నడకతో అందుకున్నారు. రెండో సగం మొదలయ్యేసరికి వంటగదిలోంచి ఆయాలు బయటికొచ్చారు. రోడ్డు మీద కొబ్బరిబొండాల బండివాడు కత్తి ఆపాడు. సువార్త మెడ నరాలు తేలాయి. ట్రంపెట్ పైకి, ఇంకా పైకి వెళ్లింది, దొరబాబు కింద నించి దాన్ని మోస్తున్నాడు, పెద్ద డ్రమ్ము నా గుండెల్లో కొడుతోంది. ఇదే ఆఖరి వరస అని నాకు కూడా తెలిసిపోయింది. ఇంకొక్క అడుగు వేస్తే అందరం ఇంట్లో ఉంటాం అన్న చోట, సువార్త ట్రంపెట్ దించేసింది. మొత్తం బ్యాండు ఆ పిల్లతో పాటే ఆగింది.

కవాతు పిల్లలందరూ కాలు గాలిలో పెట్టి నిలబడ్డారు. దక్షిణామూర్తి గారు కూడా తెలియకుండానే కుర్చీలో ముందుకి వంగి ఉండిపోయారు.

"ఏం, ఆపేశారేం?"

"అందాకే వచ్చండీ. చివర కొంచెం మిగిలిపోయిందండీ" అంది సువార్త.

ఆయన పిల్ల ముఖంలోకి చూశారు. ఏదో అడుగుదామనుకున్నట్టు నోరు తెరిచారు. ఆయనకి కూడా ఆ ఒక్క స్వరం లోపల ఎక్కడో ఇరుక్కుపోయిందని నాకు అనిపించింది. మళ్లీ అది ఏ హోదాలో అడగాలో తేలలేదేమో, ఊరుకున్నారు. అభివృద్ధి చెందుతూ ఉంది అని రాసి, మిగిలింది వచ్చే వేసవి శిబిరంలో చూసుకోవచ్చని, తొందరేమీ లేదని చెప్పి లేచారు. వాయిద్యాలు మా బళ్లోనే ఉండిపోయాయి.

జీపు గేటు దాటింది. పిల్లలు వరస చెదరకుండా అలాగే నిలబడి ఉన్నారు. కనకవల్లి గారు నా వైపు చూశారు. నేను గేటు దాకా వెళ్లి, జీపు రైలుగేటు కూడా దాటి అవతలి సందులోకి తిరిగేదాకా చూసి, వెనక్కి తిరిగి తలూపాను.

సువార్త ట్రంపెట్ ఎత్తింది. అందరూ కలిసి ఆ మిగిలిన ఒక్క స్వరాన్నీ ఊదారు. ఊపిరున్నంత సేపు ఊదారు. కవాతు పిల్లలు కాళ్లు దించారు. చప్పట్లు ఎవరూ కొట్టలేదు. కనకవల్లి గారు కొంగుతో ముఖం తుడుచుకుని, ఇక క్లాసులకి పదండి అని గట్టిగా అరిచారు. సువార్త ట్రంపెట్ మూతిని పావడా అంచుతో తుడిచి, కరుణ చేతుల్లో పెట్టి, చివరి స్వరానికి ఏయే వేళ్లు నొక్కాలో చూపించి, పదో తరగతి గదిలోకి వెళ్లిపోయింది.